‘చదువు రాదు’ అన్న సంతకం: పెన్సిల్వేనియా తల్లిదండ్రుల సంఘంపై ఒక కేస్ స్టడీ

పిల్లల మేధో సామర్థ్యాన్ని పరీక్షించి, నివేదిక రాసి, దాని కింద సంతకం పెట్టడం నా వృత్తి. పరీక్ష ఎలా చేయాలో, అంకెలను ఎలా లెక్కగట్టాలో మాకు నేర్పారు గానీ, ఆ సంతకం గదిలోంచి బయటికి వెళ్లాక ఏమవుతుందో, ఒక బిడ్డ జీవితంలో ఎన్నేళ్లపాటు నిలిచి ఉంటుందో నేర్పలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కొందరు తల్లిదండ్రులు 1949లో పెట్టుకున్న ఒక సంఘం చరిత్రను వివరంగా చదివిన తరవాతే నాకు ఆ సంగతి తెలిసివచ్చింది. ఆ సంఘం చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది, నాలాంటివాళ్ల సంతకానికి చట్టం కట్టబెట్టిన అధికారాన్ని తొలగించడమే. అందుకే ఈ చరిత్రను సంస్థాగత విజయగాథగా కాకుండా, మా వృత్తిలో ఉన్నవాళ్లందరూ చదవవలసిన కేసుగా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

సంఘం పుట్టుక

సంఘం పేరు పెన్సిల్వేనియా అసోసియేషన్ ఫర్ రిటార్డెడ్ చిల్డ్రన్. ఇప్పుడు మనం మేధో వైకల్యం అంటున్నదాన్ని అప్పట్లో బుద్ధిమాంద్యం అనేవారు. సంఘం కూడా ఆ మాటనే తన పేరులో పెట్టుకుంది. ఆ తరం తల్లిదండ్రులకు వైద్యుల నుంచి సాధారణంగా దొరికే సలహా ఒక్కటే: బిడ్డను ప్రభుత్వ సంరక్షణాలయంలో చేర్చి, మిగిలిన పిల్లల మీద దృష్టి పెట్టండి. ఆ సలహాను కాదని బిడ్డను ఇంట్లోనే పెంచుకున్నవాళ్లకు ఊళ్లోని బడి తలుపు తెరుచుకునేది కాదు. దాంతో వాళ్లే ఒకరినొకరు వెతుక్కుని, చర్చిల నేలమాళిగల్లోనూ దానంగా దొరికిన గదుల్లోనూ సొంతంగా తరగతులు నడుపుకోవడం మొదలుపెట్టారు. ఇలాంటి సంఘాలు దేశమంతటా పుట్టుకొస్తున్న కాలమది. 1950లో మినియాపొలిస్‌లో అవి కలిసి జాతీయ సంఘంగా ఏర్పడ్డాయి. అదే ఈనాటి ‘ది ఆర్క్’. పెన్సిల్వేనియా సంఘం ఇప్పుడు అందులో రాష్ట్ర శాఖగా పనిచేస్తోంది.

మొదటి ఇరవై ఏళ్లలో సంఘం చేసిన పని చాలావరకు సేవే. తరగతులు నడపడం, విరాళాలు పోగుచేయడం, శాసనసభ్యులను కలిసి విన్నపాలు అందించడం, సంరక్షణాలయాలకు వెళ్లి అక్కడివాళ్ల బాగోగులు కనుక్కోవడం. 1966లో రాష్ట్రం చేసిన చట్టం మానసిక ఆరోగ్య, బుద్ధిమాంద్య సేవల బాధ్యతను కౌంటీలకు, అంటే మన జిల్లాల్లాంటి స్థానిక పాలనా విభాగాలకు, అప్పగించింది. కాగితం మీద అది మంచి చట్టం. అయితే సంఘం తన తరగతుల్లో ఎందరికి చదువు చెప్పగలిగినా, బడి తిప్పి పంపుతున్న పిల్లల సంఖ్య ముందు అది చాలదని సభ్యులకు నానాటికీ స్పష్టమవుతూ వచ్చింది. సేవా సంస్థలన్నిటికీ ఏదో ఒకరోజు ఎదురయ్యే చిక్కే ఇది: ప్రభుత్వం చేయవలసిన పనిని మనం చేస్తున్నంతకాలం, అది తన పని కాదన్న నమ్మకం ప్రభుత్వంలో గట్టిపడుతూనే ఉంటుంది.

చట్టం ఏం చెప్పేది

అప్పటి పెన్సిల్వేనియా పాఠశాలల చట్టాన్ని మా వృత్తివాళ్లు ఒక్కసారైనా చదవాలి. అందులోని 1375వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ బడిలోని సైకాలజిస్టు ఒక బిడ్డను ‘చదువుకోలేడు, శిక్షణకూ పనికిరాడు’ అని ధ్రువీకరిస్తే, ఆ బిడ్డకు చదువు చెప్పే బాధ్యత నుంచి విద్యాశాఖ తప్పుకోవచ్చు. 1304వ సెక్షన్ ప్రకారం, మానసిక వయసు (పరీక్షలో బిడ్డ ఏ వయసు పిల్లల స్థాయిలో ఉన్నాడన్న లెక్క) ఐదేళ్లకు చేరని బిడ్డకు ప్రవేశం నిరాకరించవచ్చు. బడికి రావడం వల్ల ప్రయోజనం లేదని సైకాలజిస్టు తేల్చిన బిడ్డకు హాజరు నుంచి మినహాయింపు ఇవ్వడానికి మరో సెక్షన్ ఉండేది. ఇక ఎనిమిదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా పిల్లలను బడికి పంపాలని తల్లిదండ్రులను నిర్బంధించే సెక్షన్‌ను కూడా తలకిందులు చేసి వాడుకున్నారు: ఎనిమిది నిండలేదని చేర్చుకోవడాన్ని వాయిదా వేసేవారు, పదిహేడు దాటాయని పంపించేసేవారు. తల్లిదండ్రులకు విధించిన బాధ్యత బిడ్డ హక్కును కాజేసే సాధనంగా మారిపోయింది.

ఈ సెక్షన్లన్నిటి వెనకా ఉన్నది ఒకే తర్కం. మానసిక వయసు ఐదేళ్లు లేని బిడ్డకు బడి పనికిరాదని చెప్పడమంటే, బడి అంటే అక్షరాలూ అంకెలూ మాత్రమేనని ముందే నిర్ణయించుకోవడం. అలా నిర్ణయించింది మా పరీక్షలు కాదు, వాటిని వాడుకున్న చట్టం. అయినా సంతకాలు పెట్టింది మాత్రం మావాళ్లే. వృత్తిలో చేరిన కొత్తలో నేను కూడా ఒక చిన్నారి గురించి ‘శిక్షణ వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించకపోవచ్చు’ అని రాశాను. ఆ వాక్యానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఒక మధ్యాహ్నం గంటన్నర చూసిన బిడ్డ మొత్తం జీవితం గురించి తీర్పు చెప్పే హక్కు నాకెక్కడిదని అప్పుడు నన్ను నేను అడగలేదు.

సంఘం ఎంచుకున్న దారి

సంఘం కోర్టు మెట్లెక్కడానికి తక్షణ కారణం బడులు కాదు, పెన్‌హర్స్ట్. ఫిలడెల్ఫియాకు వాయవ్యంగా, స్ప్రింగ్ సిటీ దగ్గర 1908లో తెరిచిన ప్రభుత్వ సంరక్షణాలయం అది. 1960ల నడిమికి అక్కడ దాదాపు 2,800 మంది ఉండేవారు. కట్టడాల సామర్థ్యం కంటే వందల మంది ఎక్కువ. 1968లో ఫిలడెల్ఫియా టీవీ విలేకరి బిల్ బాల్దీని ఐదు భాగాల కథనంలో అక్కడి వార్డులను చూపించారు: మంచాలకు కట్టేసిన పిల్లలు, పని లేక రోజంతా నేల మీద ఊగుతూ కూర్చున్న పెద్దలు, వందల మందికి చాలని సిబ్బంది. సంఘంలోని న్యాయవాది డెనిస్ హాగర్టీ మేధో వైకల్యం ఉన్న ఒక బిడ్డకు తండ్రి కూడా. పెన్‌హర్స్ట్ విషయంలో విన్నపాల కాలం అయిపోయిందని గట్టిగా వాదించినవాళ్లలో ఆయన ఒకరు. జాతీయ సంఘానికి 1957 నుంచి 1963 వరకు కార్యనిర్వాహక సంచాలకుడిగా పనిచేసిన గున్నార్ డిబ్‌వాడ్ కూడా న్యాయస్థానాన్ని ఆశ్రయించమనే ప్రోత్సహించారు. 1969లో సంఘం న్యాయవాదిని నియమించుకోవాలని తీర్మానించి, థామస్ గిల్‌హూల్‌ను పెట్టుకుంది. పేదల పక్షాన పనిచేసి వచ్చిన ఆ యువ న్యాయవాది సోదరుడికి కూడా మేధో వైకల్యం ఉంది.

గిల్‌హూల్ సంఘం ముందు ఒకే దారి పెట్టలేదు. ఏయే హక్కు కోసం ఏయే దావా వేయవచ్చో విడివిడిగా రాసి ఇచ్చారు. పెన్‌హర్స్ట్ పరిస్థితుల మీద నేరుగా దావా వేయవచ్చు, చికిత్స హక్కు కోరవచ్చు, చదువు హక్కు కోరవచ్చు. కోపమంతా పెన్‌హర్స్ట్ మీదే ఉన్నా, సంఘం చదువును ఎంచుకుంది. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన నిర్ణయం ఇది. బడి కాదన్న బిడ్డను ఇంట్లో ఒంటరిగా పెంచలేక, చివరికి చేయి చాచి ఆ సంరక్షణాలయాన్నే అడిగిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అంటే వార్డులు నిండుతున్నది బడి గుమ్మం దగ్గరే. ఆ గుమ్మం తెరుచుకుంటే, కొత్తగా వార్డుకు పోయే దారి సన్నబడుతుంది. గాయం కనిపించిన చోట కాకుండా, గాయం మొదలవుతున్న చోట పట్టుకోవడమన్న మాట.

చట్టపరంగానూ ఆ ఎంపికకు బలముంది. నల్లజాతి పిల్లలను వేరు బడుల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజ్యం చదువు చెప్పడానికి పూనుకున్నప్పుడు అది అందరికీ సమానంగా దక్కవలసిన హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ కేసులో వేర్పాటును సమర్థిస్తూ వాదించిన జాన్ డబ్ల్యూ. డేవిస్, ఈ వాదనను ఒప్పుకుంటే రేపు లింగం, వయసు, మానసిక సామర్థ్యం ఆధారంగా కూడా విద్యార్థులను వేరుచేసే అధికారం రాష్ట్రాలకు ఉండదని 1952లోనే కోర్టును హెచ్చరించారు. ఆయన భయపడి చెప్పిన ఆ మాటే, ఇరవై ఏళ్ల తరవాత ఈ పిల్లలకు ఆసరా అయింది.

ఒక రోజు సాక్ష్యం

1971 జనవరిలో ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ కోర్టులో సంఘమూ, కొందరు పిల్లల తల్లిదండ్రులూ కలిసి రాష్ట్రం మీద దావా వేశారు. చదువుకు దూరంగా ఉంచిన అలాంటి పిల్లలందరి తరఫునా వేసిన దావా అది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆగస్టు 12న నిపుణుల సాక్ష్యం విన్నది. ఆ ఒక్కరోజు సాక్ష్యం తరవాత రాష్ట్రం ఎదురువాదన వదులుకుని రాజీకి సిద్ధపడింది. అక్టోబరులో తొలి ఒప్పందం కుదిరింది. 1972 మే 5న కోర్టు దాన్ని తుది ఉత్తర్వుగా ఆమోదించింది.

నిపుణులు చెప్పినదేమిటి? మేధో వైకల్యం ఉన్న ప్రతి ఒక్కరూ చదువు వల్ల, శిక్షణ వల్ల ప్రయోజనం పొందగలరు. వాళ్లలో ఎక్కువమంది తమ కాళ్ల మీద తాము నిలబడే స్థాయికి చేరగలరు. మిగిలిన కొద్దిమంది కూడా తమ పనులు కొంతవరకైనా తాము చేసుకోగలరు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, అయినా ఏ వయసులో మొదలుపెట్టినా మేలే. మాకు ఇవి ఇప్పుడు పాఠ్యపుస్తకం మొదటి పేజీలోని మాటలు. కానీ చట్టం దృష్టిలో అవి ‘చదువు’ అన్న మాటకు అర్థాన్నే మార్చేశాయి. చెంచా పట్టుకుని సొంతంగా తినడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, దాహం వేసినప్పుడు ఏదో ఒక విధంగా చెప్పగలగడం చదువే అయితే, చదువు రాని బిడ్డ అంటూ ఎవరూ ఉండరు. 1375వ సెక్షన్ నిలబడిన నేల ఆ రోజుతో జారిపోయింది.

ఉత్తర్వులోని ఏర్పాట్లు నా దృష్టిలో తీర్పంత విలువైనవి. ఆరేళ్ల నుంచి ఇరవై ఒక్కేళ్ల వరకు మేధో వైకల్యం ఉన్న ఏ బిడ్డకూ ఉచిత ప్రభుత్వ విద్యను నిరాకరించకూడదు. మామూలు తరగతి ప్రత్యేక తరగతి కన్నా మేలు; ప్రత్యేక తరగతి మరే ఇతర ఏర్పాటు కన్నా మేలు. బిడ్డను ఒక తరగతి నుంచి మరోచోటికి మార్చే ముందు తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలపాలి. వాళ్లు ఒప్పుకోకపోతే విచారణ జరపాలి. ఆ విచారణలో బడి నివేదికను ప్రశ్నించడానికి, బయటి నిపుణుల చేత మరో పరీక్ష చేయించుకోవడానికి వాళ్లకు హక్కుండాలి. కనీసం రెండేళ్లకొకసారి ప్రతి బిడ్డనూ మళ్లీ పరీక్షించాలి, తల్లిదండ్రులు కోరితే ఏటా. అంటే సైకాలజిస్టు నివేదికకు ఒక ఆయుష్షు నిర్ణయమైంది. అది జీవితకాలపు తీర్పు కాదు, రెండేళ్లలో తిరిగి చూడవలసిన ఒక అంచనా మాత్రమే.

తీర్పు గెలిచాక చాలా సంఘాలు సభ పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటాయి. ఇక్కడ అసలు శ్రమ అప్పుడే మొదలైంది. చదువు చెప్పాలంటే ముందు ఆ పిల్లలెక్కడున్నారో తెలియాలి. బడి రికార్డుల్లో వాళ్ల పేర్లే లేవు. అమలును పర్యవేక్షించడానికి కోర్టు ఇద్దరిని నియమించింది: ఒకరు హాగర్టీ, మరొకరు ప్రత్యేక విద్యా నిపుణుడు హెర్బర్ట్ గోల్డ్‌స్టీన్. రాష్ట్రమంతటా పిల్లలను వెతికి, పరీక్షించి, 1972 సెప్టెంబరు 1 నాటికి చదువు మొదలుపెట్టాలన్నది గడువు. ఎన్నో ఇళ్లలో, సంరక్షణాలయాల్లో ఉన్న వేలమంది పిల్లలు ఆ వెతుకులాటలో వెలుగులోకి వచ్చారు. బిడ్డ రావడానికి ఎదురుచూడకుండా, బిడ్డను వెతుక్కుంటూ వెళ్లవలసిన బాధ్యత వ్యవస్థదేనన్న సూత్రం ఇక్కడే రూపుదిద్దుకుంది.

అదే ఏడాది వాషింగ్టన్ నగరంలో మిల్స్ కేసు అన్ని రకాల వైకల్యాలకూ ఇదే న్యాయాన్ని వర్తింపజేసింది. 1975లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో దేశమంతటికీ వచ్చిన విద్యా చట్టంలో, 10 లక్షల మంది వికలాంగ బాలలు ప్రభుత్వ బడికి పూర్తిగా దూరమై ఉన్నారని అమెరికా కాంగ్రెస్ స్వయంగా రాసుకుంది. వెతికి పట్టుకోవడం, విచారణ హక్కు, వీలైనంతవరకు మిగతా పిల్లలతోపాటే చదివించడం వంటి ఆ చట్టంలోని మూలస్తంభాల్లో చాలావాటి వెనక ఈ సంఘం సాధించిన ఉత్తర్వు కనిపిస్తుంది.

మళ్లీ పెన్‌హర్స్ట్

1974లో పెన్‌హర్స్ట్‌లో ఉన్న ఒక యువతి, ఆమె తల్లి మరో దావా వేశారు. మరుసటి ఏడాది సంఘం అందులో చేరింది. అంతకుముందు ఇరవై ఏళ్లు సంఘం అడిగింది మంచి వార్డులు, ఎక్కువ సిబ్బంది, శుభ్రమైన పడకలు. ఈసారి అడిగింది మూసివేత: అక్కడున్నవాళ్లందరికీ ఊళ్లలో, చిన్న ఇళ్లలో, తగిన సాయంతో బతికే ఏర్పాటు. ఒక సంస్థ తన పాత కోరికను తానే కాదనడం చిన్న విషయం కాదు. సొంత సభ్యుల్లో చాలామంది దశాబ్దాలుగా నమ్ముకున్నదాన్ని తప్పని ఒప్పుకోవడమది.

విచారణ జరిపిన న్యాయమూర్తి రేమండ్ బ్రాడరిక్ పాత విద్యా కేసు విన్న ముగ్గురిలో ఒకరు. 1977 డిసెంబరులో ఆయన ఇచ్చిన తీర్పులోని అంకెలను నేను ఇప్పటికీ మరిచిపోలేను. అప్పటికి అక్కడ సుమారు 1,230 మంది ఉన్నారు. వాళ్ల సగటు వయసు 36 ఏళ్లు, అక్కడ గడిపిన కాలం సగటున 21 ఏళ్లు. గత మూడేళ్లలో 43 శాతం మందిని కుటుంబం నుంచి ఎవరూ పలకరించలేదు. వచ్చేటప్పుడు ఉన్న నేర్పులు కూడా చాలామందిలో అక్కడ ఉండగా మాయమయ్యాయని, సిబ్బంది చాలక మందులనూ కట్లనూ వాడుతున్నారని కోర్టు తేల్చింది. దీన్ని మా భాషలో చెబితే, లోపల ఎదుగుదల ఆగిపోవడమే కాదు, వెనక్కి నడిచింది. అలా తగ్గిన సామర్థ్యాన్ని కొలిచి, అదే అంకెను చూపి ‘ఇతను బయట బతకలేడు’ అనడం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కరలేదు. ‘చదువు రాదు’ అన్న పాత మాటే ఇక్కడ మరో రూపంలో తిరిగి వచ్చింది.

ఈ దశను సుఖాంతంగా చెప్పడం నిజాయితీ అనిపించుకోదు. మూసివేతను అందరికన్నా తీవ్రంగా వ్యతిరేకించినవాళ్లలో తల్లిదండ్రులే ఉన్నారు. సిబ్బందితో కలిసి వాళ్లు వేరే సంఘంగా ఏర్పడి కోర్టుకు వెళ్లారు. వాళ్లను తప్పుపట్టడం నాకు చేతకాదు. ముప్పై ఏళ్ల కిందట వైద్యుల మాట విని, గుండె రాయి చేసుకుని బిడ్డను అప్పగించిన తల్లికి, ఆ నిర్ణయమే తప్పని ఇప్పుడు ఎవరో చెబుతున్నారు. పైగా తాను పోయాక ఆ చిన్న ఇల్లు నిలుస్తుందో లేదోనన్న భయం. పెద్ద కట్టడం చెడ్డదైనా కూలిపోదన్న నమ్మకం వాళ్లది. మూసివేత కోరిన తల్లిదండ్రులదీ, వద్దన్న తల్లిదండ్రులదీ ఒకే ప్రశ్న: నా తరవాత ఎవరు?

సంఘానికి అనుకూలంగా కింది కోర్టులు ఇచ్చిన తీర్పులు సుప్రీంకోర్టులో 1981లోనూ, 1984లోనూ రద్దయ్యాయి. మొదటిసారి, ఫెడరల్ చట్టంలోని హక్కుల ప్రకటనను ఆధారం చేసుకుని కోర్టుకు రావడం కుదరదన్నారు. రెండోసారి, రాష్ట్ర చట్టాన్ని పాటించమని రాష్ట్ర అధికారులను ఆదేశించే అధికారం ఫెడరల్ కోర్టులకు లేదన్నారు. మధ్యలో, తీర్పు అమలును చూడటానికి కోర్టు నియమించిన పర్యవేక్షకురాలి కార్యాలయానికి డబ్బు కట్టడానికి రాష్ట్రం నిరాకరిస్తే, రోజుకు 10,000 డాలర్ల చొప్పున జరిమానా విధించవలసి వచ్చింది. పై కోర్టులో ఓడిపోయినా సంఘమూ తక్కిన వాదులూ వెనక్కి తగ్గలేదు. అప్పటికే వందలమంది బయటి ఇళ్లకు చేరి బతుకుతుండటంతో, వెనక్కి తీసుకువెళ్లాలన్న వాదనలో పస లేకుండా పోయింది. చివరికి రాజీ కుదిరింది. 1985లో కోర్టు దాన్ని ఆమోదించింది. 1987లో పెన్‌హర్స్ట్ మూతపడింది.

కొలిచి చూస్తే

1978 మార్చిలో అమలు ఉత్తర్వు వెలువడిన నాటికి అక్కడున్న 1,154 మందిని పరిశోధకులు ఏళ్లతరబడి అనుసరించి, 1985లో ఫలితాలు వెల్లడించారు. బయటికి వచ్చినవాళ్లలో రోజువారీ పనులు సొంతంగా చేసుకునే నేర్పు, లోపల మిగిలిపోయినవాళ్లతో పోలిస్తే, స్పష్టంగా పెరిగింది. తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లలోనూ పెరుగుదల కనిపించింది. తరలింపును ముందు వ్యతిరేకించిన కుటుంబాల్లో అత్యధికులు, బిడ్డ కొత్త ఇంట్లో స్థిరపడ్డాక అభిప్రాయం మార్చుకున్నారు. అయితే ఈ ఫలితాలను చూపి, పెద్ద సంస్థను మూస్తే చాలు అన్నీ బాగుపడతాయనడం తొందరపాటు. ఈ 1,154 మంది వెనక కోర్టు కన్ను ఉంది, ఒక్కొక్కరికీ రాసిపెట్టిన ప్రణాళిక ఉంది, చెప్పింది జరుగుతోందా అని చూసే మనిషి ఉన్నాడు. ఆ మూడూ లేనిచోట చిన్న ఇల్లు కూడా చిన్న వార్డుగా మారగలదు.

ఈ చరిత్రలో ఒక లోటు కూడా ఉంది. 1971 నాటి వాదనల్లో తల్లిదండ్రులు మాట్లాడారు, న్యాయవాదులు మాట్లాడారు, నిపుణులు మాట్లాడారు. ఎవరి గురించి ఆ మాటలన్నీ సాగాయో వాళ్ల గొంతు మాత్రం వినపడదు. 1982లో పెన్సిల్వేనియాలోనే ‘స్పీకింగ్ ఫర్ అవర్‌సెల్వ్స్’ అనే సంఘాన్ని మేధో వైకల్యం ఉన్నవాళ్లే పెట్టుకున్నారు. చిన్నతనంలో 1958లో పెన్‌హర్స్ట్‌లో చేరి, అక్కడ 13 ఏళ్లు గడిపిన రోలండ్ జాన్సన్ దానికి అధ్యక్షుడిగా పనిచేశారు. వార్డులో తాను అనుభవించిన హింసను సభల్లో నిలబడి తన నోటితో తానే చెప్పారు. తల్లిదండ్రుల సంఘం పేరులోని ‘రిటార్డెడ్’ అన్న మాట కాలక్రమంలో తొలగిపోవడం వెనక ఇలాంటి గొంతుల ఒత్తిడి ఉంది.

ఈ కేసు చదివాక నా నివేదికల పద్ధతి మార్చుకున్నాను. బిడ్డకు ఏం రాదన్నది రాసే ముందు, ఏది ఎవరు ఎన్నాళ్లు నేర్పి చూశారో రాస్తున్నాను. ఎవరూ నేర్పి చూడకపోతే ఆ మాటే రాస్తున్నాను. చివరి పేరాలో, సంతకానికి పైన, మళ్లీ ఏ తేదీన పరీక్షించాలో రాసి, ఆ తేదీని తల్లిదండ్రులకు చదివి వినిపిస్తున్నాను. బిడ్డ పదేళ్లు దాటినవాడైతే, నివేదికలో తన గురించి ఏం రాశానో వాడికి అర్థమయ్యే మాటల్లో వాడికే చెబుతున్నాను.